సికిందరాబాదు ఎవరి సొమ్ము?

ఆషాఢమాసమున ఉజ్జయినీ మహాకాళి కోవెలలో జరుగు జాతరను జంటనగరముల జనులు నేటికిని లష్కరు బోనాలు అనియే వ్యవహరింతురు. తలపై బోనపు కుండ, దానిపై దీపము, చేత వేపమండ గల స్త్రీలు వీధులవెంట నడచునపుడు ఆ మొదటి మాటకు అర్థమేమని ఎవరును విచారింపరు. లష్కరు అనగా దండు. దండు విడిసిన చోటు కావున జనులు ఆ యూరిని లష్కరు అనిరి. సికిందరాబాదు అను పేరు దర్బారు కాగితములందు పుట్టినది. లష్కరు అను పేరు బజారులో పుట్టినది. ఊరి చరిత్రను ఉన్నదున్నట్లు చెప్పునది బజారు పేరే.

ఆ కోవెల కథయు దండు కథయే. 1813లో ఆ ప్రాంతమున కలరా ప్రబలి జనులనేకులు మరణించిరి. సైన్యములో డోలీ మోయు కొలువు చేయుచు ఉజ్జయినికి వెళ్లియుండిన సురిటి అప్పయ్య అనునతడు, మారి శాంతించినచో తల్లిని తమ యూర నిలుపుకొందుమని అచ్చటి మహాకాళికి మ్రొక్కుకొనెననియు, 1815లో మరలివచ్చి కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెననియు పెద్దలు చెప్పుదురు. సికిందరాబాదును స్థాపించినవారెవరని అడిగినచో నిజాము పేరో, రెసిడెంటు పేరో చెప్పుట పరిపాటి. డోలీ మోసినవాని పేరును వారి సరసన చేర్చువారు అరుదు.

గ్రంథములందు మనము చదువుకొనునది వేఱొక కథ. 1806లో నిజాము సికందర్ జా హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున నున్న భూమిని ఆంగ్లేయుల దండునకు ఒసగెననియు, ఆయన పేరిటనే ఊరు వెలసెననియు వ్రాయుదురు. ఒసగెను అన్న మాట వినుటకు ఇంపుగానే యున్నది. కాని మేము న్యాయవాదివృత్తిలో నున్నవారము. దానమను మాట చెవినబడగానే దస్తావేజు ఏది, ప్రతిఫలమేమి, సాక్షులెవరు అని అడుగుట మాకు అలవాటైపోయినది. ఈ దానమునకును దస్తావేజులు గలవు. అవి ఐచిసన్ దొర కూర్చిన సంధిపత్రముల సంపుటములలో అచ్చుపడియే యున్నవి. వానిని చదివినవారికి 1806 నాటి దానము కడపటి కాగితము మాత్రమే యనియు, అసలు క్రయము అంతకుముందే జరిగిపోయెననియు తేటపడును.

మొదటి పత్రము 1798 సెప్టెంబరు నాటిది. అప్పటివఱకు నిజాము అలీ ఖాను కొలువులో ఫ్రెంచివాడైన రేమండు తీర్చిదిద్దిన సేన, సుమారు 14,000 మంది, యుండెను. రేమండు ఆ యేటి మార్చిలో మరణించెను. అక్టోబరులో ఆంగ్లేయులు ఆ సేనను చుట్టుముట్టి నిరాయుధము గావించిరి. దాని స్థానమున కుంపిణీవారి సిపాయిలు 6,000 మంది నిజాము రాజ్యమున నిలుచుటకును, వారి వ్యయమునకై నిజాము ఏటేట 24,17,100 రూపాయలు చెల్లించుటకును ఒడంబడిక యైనది. ఇది యొక విచిత్రమైన కాపలా. కావలివాడు ఒక యజమానుని ఆజ్ఞకు లోబడి యుండును. జీతము మాత్రము వేఱొకడు ఇచ్చును. జీతమిచ్చువాడు కావలివానిని పొమ్మనజాలడు!

రెండవ పత్రము 1800 అక్టోబరు 12 నాటిది. పాఠకులు దీనిని శ్రద్ధతో గమనింపవలెను. ఈ సంధి ననుసరించి సేన మఱింత పెరిగినది. రొక్కము ప్రతి యేడును సకాలమున అందునో అందదో అను సందేహము కుంపిణీవారికి కలిగినది. కావున రొక్కమునకు మారుగా భూమినే వ్రాయించుకొనిరి. 1792లోను, 1799లోను మైసూరు యుద్ధముల ఫలముగా టిప్పు సుల్తాను రాజ్యమునుండి నిజాము భాగమునకు వచ్చిన సీమలు, అనగా బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములును, కర్నూలులో కొంత భాగమును, శాశ్వతముగా కుంపిణీ పరమైనవి. నిన్న యుద్ధములో వచ్చిన పల్లెలు నేడు జీతము క్రింద చెల్లిపోయినవి. ఆ పల్లెలలోని రైతులను అడిగినవారు లేరు. చెప్పినవారును లేరు. పన్ను వసూలు చేయుటకు క్రొత్త దొర వచ్చిన దినమున వారికి సంగతి తెలిసియుండును.

ఆ వచ్చిన దొర తామస్ మన్రో. ఆయన 1800 నుండి 1807 వఱకు ఆ మండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. పొలము పొలమును కొలిపించి శిస్తు నిర్ణయించెను. ఆయనను గూర్చి మన రాయలసీమలో నేటికిని మంచి మాటలు చెప్పుకొందురు. వానిని కాదనుట మా యుద్దేశము కాదు. ఆయనయే 1807లో శిస్తు రైతు మోయగలిగిన దానికంటె మిక్కుటముగా నున్నది, నూటికి 25 వంతున తగ్గింపవలెనని పైవారికి వ్రాసెను. పైవారు ఒప్పుకొనలేదు. మరల ఆయనయే చెన్నపట్టణమునకు గవర్నరై 1820లో వచ్చిన పిమ్మట గాని ఆ తగ్గింపు అమలులోనికి రాలేదు. నడుమ గడచిన 13 సంవత్సరములును, అధికమని కలెక్టరే ఒప్పుకొన్న శిస్తును రైతు కట్టుచునే యుండెను. ఆ కాలముననే హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున దండు గుడారములు విడిచి స్థిరపడినది; దాని చుట్టును బజారులు లేచినవి. కరవు సీమ రైతు కట్టిన కాసు సికిందరాబాదు సిపాయి జీతమునకు మారుగా వ్రాయబడిన కాసు. ఈ రెండు సంగతులను రెండు వేఱు పుస్తకములలో, రెండు వేఱు జిల్లాల చరిత్రలుగా చదువుటవలన మనకు వాని సంబంధము తోచుట లేదు.

దత్తమండలములు అని వానికి పేరు పడినది. ఇచ్చివేయబడినవి యని అర్థము. ఒక సీమకు, ఒక ప్రజకు, ఇచ్చివేయబడినవారు అను బిరుదు నూఱేండ్లకు మించి నిలిచినది. 1928లో నంద్యాలలో జరిగిన మహాసభలో ఆ పేరు తమకు అవమానకరమని తలచి, చిలుకూరి నారాయణరావుగారి సూచనమున రాయలసీమ అని పిలుచుకొనిరి. ఆ సభకు వచ్చినవారు పేరు మార్చుకొని తమ గౌరవమును నిలుపుకొనిరి. కాని ఇచ్చివేసినది ఎందులకు, ఆ సొమ్ము ఎచ్చటికి పోయెను అను లెక్క మాత్రము నేటికిని సామాన్యజనులకు తెలిసినది కాదు. హైదరాబాదు మాదియన మాది యని కోస్తావారును, సీమవారును, తెలంగాణమువారును వాదించుకొన్న దినములలో సైతము ఈ లెక్కను ఎవరును విప్పి చూపలేదు. చూపినచో ఎవరి వాదమునకు బలము కలిగియుండెడిదో మేము చెప్పబోము. అది ఈ వ్యాసమునకు సంబంధించినది కాదు.

ఇంతటితో దండుల వ్యయము తీరిపోలేదు. సికిందరాబాదు దండునకు ఉత్తరమున బొలారమున మఱియొక దండు వెలసెను. దీని పుట్టుక మఱింత చిత్రము. 1800 నాటి సంధిలో, యుద్ధము వచ్చినపుడు నిజాము తన సొంత సేనలో 6,000 కాల్బలమును, 9,000 గుఱ్ఱపు దళమును తోడు పంపవలెనని యున్నది. యుద్ధము వచ్చినపుడు, అనియే యున్నది. 1811లో రెసిడెంటుగా వచ్చిన హెన్రీ రస్సెలు ఈ షరతును ఆధారము చేసికొని, ఆంగ్లేయాధికారుల చేతిక్రింద, నిజాము ఖర్చుతో, శాంతికాలమున సైతము నిలిచియుండు సేనను ఏర్పఱచెను. అదియే పిమ్మట హైదరాబాదు కాంటింజెంటు అని ప్రసిద్ధి కెక్కినది. ఒప్పందములోని మాట ఒకటి, అమలు జరిగినది మఱియొకటి. నేడు ఏ మునసబు కోర్టులోనైనను ఇట్టి అర్థము చెప్పిన వకీలును న్యాయాధిపతి కూర్చుండుమనును.

ఈ సేన జీతములకు ఖజానా చాలలేదు. పామరు కంపెనీ యను వ్యాపారసంస్థ నూటికి 24, 25 వడ్డీకి అప్పులిచ్చెను. అప్పు కొండవలె పెరిగినది. ఆ ఋణము తీర్చుటకు 1823 ప్రాంతమున మఱియొక ఏర్పాటు జరిగినది. ఉత్తర సర్కారులనుబట్టి కుంపిణీవారు నిజామునకు ఏటేట చెల్లింపవలసిన 7 లక్షల పేష్కషును ఒకేమారు సొమ్ము చెల్లించి శాశ్వతముగా రద్దు చేసికొనిరి. ఆ సొమ్ము అప్పులవారి పాలైనది. కోస్తావారు కూడ ఈ లెక్కలో నున్నారని దీనివలన తెలియవలెను. అంతటను తీరలేదు. 1853లో కాంటింజెంటు జీతముల క్రింద బేరారు సీమను, ఆ ప్రత్తి పండు నల్లరేగడి భూములను, ఆంగ్లేయులు తమ స్వాధీనము చేసికొనిరి. 1902లో కర్జను ప్రభువు దానిని ఏటికి 25 లక్షల శాశ్వత కౌలుగా మార్చెను. మరుచటి యేటనే కాంటింజెంటు అను సేనయే భారతసైన్యములో కలిసి మాయమైనది. సేన పోయినది, భూమి మాత్రము తిరిగి రాలేదు. సికిందరాబాదు దండునకు సీమ భూములు, బొలారము దండునకు బేరారు భూములు, నడుమ వడ్డీకి సర్కారుల పేష్కషు: ఇట్లు చెల్లించిన పిమ్మట సికందర్ జా ఒసగెను అనుట న్యాయమా?

ఊరు పెరిగిన విధము అందఱికిని తెలిసినదే; దానిని విస్తరింపము. దిగుమతి సరకులపై సుంకము లేకుండుటచేత వర్తకులు గుమికూడిరి. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు అను పేళ్లే దండునకును అంగడికిని గల పొత్తును చాటుచున్నవి. చెన్నపట్టణపు సేన కావున అఱవలు, తెలుగువారు దానివెంట వచ్చిరి. ఉత్తరదేశమున సిపాయికి తిలంగా యని వాడుక కలుగుటకు మన తెలుగు సిపాయిలే కారణమని చదువరులు ఎఱుగుదురు గాక. పార్శీలు, మార్వాడీలు, గుజరాతీలు వచ్చిరి. 1874లో వాడి నుండి రైలు వచ్చెను. 1889 నాటికి అది బెజవాడ వఱకు సాగెను. 1897లో గడియారపు స్తంభము లేచెను. ఆ యేడే, ఆగస్టు 20న, బేగంపేటలోని చిన్న ఆసుపత్రిలో రోనాల్డ్ రాసు అను సైనికవైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని తన దేహమును దోమలకు అప్పగించిన రోగి హుసేన్ ఖాను. వైద్యునకు 1902లో నోబెలు బహుమతి లభించెను. ఆ ఘనతను మేము తగ్గించుట లేదు. కాని అణా పుచ్చుకొన్నవాని పేరు సైతము ఆ భవనము చూడబోవు బాలురకు ఉపాధ్యాయులు చెప్పవలెను.

దండు ఎవరిని కాపాడుటకు వచ్చినదో 1857లో తేలిపోయినది. ఆ జూలై 17న తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అలావుద్దీను నాయకులుగా కోఠీలోని రెసిడెన్సీపై ప్రజలు ఎత్తిపోయిరి. నిజామును శత్రువులనుండి రక్షించుటకు అని పత్రములలో వ్రాయబడిన సేన యొక్క ఫిరంగులు నిజాము ప్రజలపైననే ప్రేలినవి. తుర్రెబాజ్ ఖాను చెఱనుండి తప్పించుకొనిపోయి, 1859 జనవరిలో తూప్రాను చేరువ చంపబడెను. మౌల్వీ అండమాను పాలయ్యెను. పిమ్మట తిరుమలగిరిలో దండు చుట్టును ఎత్తైన గోడ కట్టిరి. 1867కు అది పూర్తియైనది. ప్రజల సొమ్ముతో వచ్చిన సేన ప్రజలకు వెఱచి గోడ కట్టుకొన్నది.

ఇంతవఱకు చెప్పినది గతము. దీనిని ఇప్పుడు త్రవ్వి తీయుట ఎందులకని అడుగువారుందురు. గోడకు ఆవల నొక ప్రజ యున్నది గనుక.

ఆంగ్లేయులు పోవుటకు ముందే సికిందరాబాదులో అధికభాగము పౌరపరిపాలనలోనికి వచ్చినది. 1945లో మునిసిపాలిటీ, 1950లో కార్పొరేషను, 1960లో హైదరాబాదు కార్పొరేషనుతో విలీనము. 1948 సెప్టెంబరు 18న నిజాము సేనాధిపతి ఎల్ ఎద్రూసు మన సేనాని చౌదరికి లొంగిపోవుటతో పాత దండుల కథ ముగిసినది. జేమ్సు వీధి మహాత్మాగాంధీ మార్గమైనది. కింగ్స్ వే రాష్ట్రపతి మార్గమైనది. బొలారములో రెసిడెంటు విడిది గృహము రాష్ట్రపతి నిలయమైనది. 2023 నుండి సామాన్యులు సైతము టిక్కెట్టు కొని చూచుచున్నారు. కాని కంటోన్మెంటు అను ప్రత్యేకప్రాంతము మాత్రము నిలిచియే యున్నది. అచ్చట 2 లక్షలకు పైబడిన జనులు నివసించుచున్నారని 2011 జనాభా లెక్కలు తెలిపినవి. వారిలో అత్యధికులు సైనికులు కారు. గుమాస్తాలు, కూలీలు, వర్తకులు, పింఛనుదారులు.

వారిని ఏలు చట్టము ఎట్టిది? 1924 నాటి ఆంగ్లేయుల చట్టము పోయి 2006లో మన పార్లమెంటు చేసిన చట్టము వచ్చినది. అందులో సైతము బోర్డునకు అధ్యక్షుడు ఆ స్థలమందలి సైనికాధికారియే. ఎన్నికతో కాదు, హోదాచేత. ఇంత పెద్ద కంటోన్మెంటులో ఎన్నికైనవారు 8 మంది, వారికి దీటుగా అధికారులు, నియమితులు 8 మంది. అనేక బంగళాల క్రింది భూమి పాతకాలపు గ్రాంటు షరతులకు లోబడినది. ఇల్లు మీది, నేల సర్కారుది, కావలసినపుడు పుచ్చుకొందుము అనునదే ఆ షరతుల సారము. దండు వెంట వచ్చిన పరివారము, దండు అనుమతితో నివసించువారు అను పాతభావన ఇప్పటికిని చట్టమున దాగియున్నది.

ఆ 8 మంది సైతము నేడెక్కడ? 2015 జనవరిలో ఎన్నికైనవారి పదవి, పొడిగింపులతో సహా, 2021లో ముగిసినది. పిమ్మట సైనికాధికారి, కార్యనిర్వాహకాధికారి, నియమింపబడిన పౌరుడొకడు: ముగ్గురే బోర్డు. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించిరి. మార్చిలోనే ఆ ప్రకటనను వెనుకకు తీసికొనిరి. పౌరప్రాంతములను వేఱుచేసి పక్కనున్న మునిసిపాలిటీలలో కలుపుదుమను కేంద్రప్రభుత్వ విధానము అందుకు కారణముగా చెప్పబడినది. హిమాచలములోని ఖాస్ యోల్ ఆ యేటి ఏప్రిల్ లోనే మొదటగా వేఱైనది. విధానము మంచిదే కావచ్చును. కాని వివాహము నిశ్చయమగుచున్నది గనుక అంతవఱకు అన్నము పెట్టము అనుట ఏ యింటి పద్ధతి? కలుపుట ఆలస్యమైనచో ఓటు కూడ ఆలస్యము కావలసినదేనా?

మా మాటను సైన్యముపై నిందగా ఎవరును గ్రహింపరాదు. ఈ సైన్యము మనది. శిక్షణకేంద్రముల రక్షణ, ఆయుధాగారముల భద్రత ఎట్టి నగరపాలకసంఘమునకును అప్పగింపదగినవి కావు. కంటోన్మెంటు కట్టుబాట్లవలననే అచ్చట కొంత పచ్చదనము, ఖాళీనేల మిగిలినవనుటయు సత్యమే. హద్దు దాటి అడుగుపెట్టినంతనే కానవచ్చు భవనముల క్రిక్కిఱిసిన తీరును చూచినవారు విలీనమునకు వెఱచుటలో ఆశ్చర్యము లేదు. 2018లో అప్పటి రక్షణమంత్రి మూసివేసిన దారులను తెఱువుడని దేశమందలి కంటోన్మెంటులన్నింటికిని ఉత్తరువు చేయవలసి వచ్చెను. 2024 మార్చిలో రెండు ఎత్తైన రహదారులకు రక్షణశాఖ భూమి నీయ నంగీకరించెను. ఇవి మంచి కార్యములు. కాని దారి తెఱువుమని ఢిల్లీవఱకు పోవలసివచ్చిన పౌరుడు తన వీధి దీపము సంగతి ఎవరికి చెప్పుకొనును?

కేంద్రము రక్షణశాఖ భూమి యనును. రాష్ట్రము నగరాభివృద్ధి యనును. ఇరుపక్షములును భూమిని గూర్చియే మాటాడుచున్నవి, 1800లో ఇరుపక్షములును మాటాడినట్లే. కావున మేము కోరునది మూడు సంగతులు. విలీనము పూర్తియగువఱకు ఎనిమిది వార్డులకును ఎన్నికలు జరుపవలెను. గ్రాంటు బంగళాలలోను, కౌలు ఇండ్లలోను, పట్టా లేని గుడిసెలలోను నివసించువారి హక్కు ఏమగునో విలీనపత్రములోనే వ్రాయవలెను; పిమ్మట చూతమను మాట పనికిరాదు. ఆ పత్రపు ముసాయిదాను సంతకములకు ముందుగా తెలుగులోను, ఉర్దూలోను, అఱవములోను అచ్చువేయించి, బొలారము మొదలు పికెటు వఱకు ప్రతి వార్డులోను, పఠనమందిరములందును అంటించి, అభ్యంతరములు చెప్పుకొనుటకు రెండు నెలల గడువీయవలెను. అభ్యంతరములను వ్రాసిపెట్టుటకు మావంటి వకీళ్లు ఫీజు పుచ్చుకొనకుండ ఆదివారములందు అచ్చట కూర్చుండుటకు సిద్ధముగా నున్నారు.